సీడు పత్తి రేటులో ఎవరి కూలి ఉంది?



రాయచూరు మార్కెట్ యార్డులో పత్తి కొనేవారు పింజను వేళ్లతో లాగి పొడవు చూస్తారు, తేమ చూస్తారు. ఆ పంటకు విత్తనం ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నది మాత్రం అక్కడ ఎవరికీ పట్టదు.

రాయచూరుకు తూర్పున, దానిలాగే కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల సీడు పత్తికి, అంటే విత్తనం కోసం పండించే పత్తికి, పేరు పొందింది. 1970లో సూరత్‌లో శాస్త్రవేత్త సి.టి.పటేల్ హెచ్-4 హైబ్రిడ్ రకాన్ని తెచ్చిన నాటి నుంచి మన దేశంలో హైబ్రిడ్ పత్తి విత్తనమంటే చేతిపనే. ఆడ మొక్కల మొగ్గల్లోని కేసరాలను ముందురోజే ఒలిచేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు పుప్పొడిని అంటించాలి. రైతులు దీన్నే క్రాసింగ్ అంటారు. పువ్వు పువ్వుకూ ఇదే పని, వారాల తరబడి! పెట్టుబడిలో దాదాపు సగం కూలికే పోతుంది.

ఆ కూలి తగ్గించుకోవడానికి పిల్లలను దించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సీడు పొలాలపై పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 2003లో ఇచ్చిన నివేదిక ఈ సంగతిని ప్రపంచం ముందు పెట్టింది. పనిలో ఉన్నవారిలో ఎక్కువమంది ఆడపిల్లలు. చిన్న వేళ్లయితే మొగ్గ నలగదని చెప్పేవారు. అది సాకు. పిల్లకు కూలి తక్కువ, తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇస్తే సీజనంతా కదలదు.

విత్తన కంపెనీని అడిగితే, రైతులతో ఒప్పందం కుదిర్చే ఆర్గనైజర్‌ను చూపేది. ఆర్గనైజర్ రైతును చూపేవాడు. రైతేమో, మీరిచ్చే రేటులో పెద్దవాళ్ల కూలి గిట్టదనేవాడు. ముగ్గురిలో నిజానికి దగ్గరగా ఉన్నది రైతు మాటే.

విమర్శలు పెరిగాక బేయర్ కంపెనీ పిల్లలను పెట్టని రైతుకు కొనుగోలు ధరపై 5 శాతం బోనస్ ఇచ్చింది, చెప్పకుండా పొలాలకు తనిఖీకి మనుషులను పంపింది. ఇది రేటులోనే చేసిన మార్పు. దీనికి వేరుగా, కంపెనీల చట్టం, 2013 ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ డబ్బుతో బడికి రంగులు వేయించవచ్చు, కాదనం. కానీ రేటు చాలక ఆ బడి పిల్లలే పొలానికి పోతుంటే ఆ రంగులు ఎవరి కోసం?

అందుకే సీడు వ్యాపారం చేసే ఆర్గనైజర్లు ఒప్పందానికి ముందే ఎకరానికి క్రాసింగ్ కూలీలెందరో లెక్కేసి, పెద్దవాళ్ల కూలితో రేటు అడగాలి. అడ్వాన్సు పనిచేసే పెద్దవారి పేరనే రాయాలి. పొలం చూడ్డానికి సాయంత్రం కాకుండా బడి వేళ, క్రాసింగ్ జరుగుతుండగా వెళ్లాలి. “మా ఇంటి పిల్లేనండీ” అని జవాబు రావచ్చు. 2016 బాల కార్మిక సవరణ చట్టం 14 ఏళ్లలోపు పిల్లలు ఇంటివారికి సాయపడటానికి ఒప్పుకుంటుంది గానీ, బడి వేళ అయ్యాకో, సెలవుల్లోనో మాత్రమే. పొద్దున పది గంటలకు ఆ జవాబు చెల్లదు.