పచ్చని నెలవున అద్దె యిల్లు

అద్దె యిల్లు అను మాట చెవిని బడినంతనే మన పల్లెలలోని పెద్దలు మొగము చిట్లించుకొందురు. తాతలనాటి పెంకుటిల్లు ఎంత చిన్నదైనను అది తమది. దాని గోడకు మేకు కొట్టుటకు ఒకరి యనుమతి అక్కఱలేదు. పరుల పంచను జేరి, నెలనెల పైకము చెల్లించి కాపురముండుట పౌరుషము గలవానికి తగదని వారి తలంపు. మా యన్నగారి తలంపును అదియే. అయినను కొన్ని యేండ్ల క్రిందట, డెబ్బదిరెండవ యేట, ఆయన సికిందరాబాదునందు అద్దెయింట కాపురము పెట్టవలసి వచ్చెను. ఆ యింటిని వెదకి పెట్టు భారము నామీద బడెను. అందు నేను చేసిన పొరపాటును, పిమ్మట నేర్చుకొన్న సంగతులను మీకు విన్నవించుటయే నేటి ప్రసంగమునకు విషయము. బిడ్డల కొలువుల వలననో, వైద్యము నిమిత్తముననో, పట్టణమునకు తరలి రావలసిన పెద్దలు నేడు ప్రతి గ్రామమునను ఉన్నారు. వారికి ఈ నాలుగు మాటలును పనికివచ్చునని నా యాశ.

అన్నగారికి గుండెజబ్బు. నెలకు రెండుమారులు వైద్యుని చూడవలెను. ఆయన కుమారుడు ఏడవ అంతస్తునందు కాపురమున్నాడు. అచ్చట అన్నగారు పది దినములు మాత్రమే నిలువగలిగిరి. "కాలు నేలను తాకని యిల్లు నాకు వద్దు. మట్టి ముంగిలి, ఒక చెట్టు, రాత్రి నిదుర, ఈ మూడును ఉన్నచోట నన్ను ఉంచుము" అని నాతో చెప్పిరి. కోరినవి మూడే. కాని మహానగరమున ఈ మూడింటికంటె ప్రియమైన సరకు వేఱొకటి లేదు.

అదృష్టవశమున సికిందరాబాదునందు ఇట్టి నెలవులు ఇంకను కొన్ని మిగిలియున్నవి. అవి ఎట్లు మిగిలినవో తెలిసికొనుట మంచిది. 1798లో నిజాము ప్రభువునకును ఈస్టిండియా కంపెనీకిని జరిగిన సంధి ననుసరించి ఆంగ్లేయుల సేనలు హుసేనుసాగరమునకు ఉత్తరపు దిక్కున విడిసినవి. 1806లో ఆ విడిదికి సికందర్ జా ప్రభువు పేరిట సికిందరాబాదు అను పేరు కలిగెను. దండువారికి కవాతు మైదానములు, దొరలకు విశాలమైన ఆవరణములు గల బంగళాలు, బాటల కిరువైపుల చెట్లు ఏర్పడినవి. తిరుమలగిరి, బొల్లారము ప్రాంతములలో నేటికిని ఆ ఛాయ కానవచ్చును. ఒకనాడు రెసిడెంటు దొరకు విడిదియైన బొల్లారపు భవనమే నేటి రాష్ట్రపతి నిలయము. దాని ఆవరణము తొంబది యెకరములు. కంటోన్మెంటులోని పెక్కు పాత బంగళాలకు కట్టడము ఒకరిది, నేల ప్రభుత్వమువారిది. కట్టడముల యెత్తునకు, విస్తీర్ణమునకు అచ్చట కట్టుబాట్లు గలవు. అందువలననే చెట్లు నిలిచినవి. దండునుండి విశ్రాంతి గైకొన్న ఉద్యోగులు తరువాతి కాలమున సైనికపురి మొదలగు చోట్ల తోటలతో కూడిన యిండ్లను కట్టుకొనిరి. కావున పచ్చదనము తనంతట తాను నిలువదు. దానిని నిలిపిన కట్టుబాటు ఒకటి యుండును. ఇల్లు వెదకువాడు ముందుగా ఆ కట్టుబాటేమో అడిగి తెలిసికొనవలెను. కంటోన్మెంటునందైనచో, అద్దెకిచ్చుచున్న వ్యక్తికి ఆ యింటిపై ఏపాటి హక్కు గలదో కాగితములు చూచుట మఱింత అవసరము.

నేను మొదట ఇవి యేవియు అడుగలేదు. ఒక ఆదివారము మధ్యాహ్నమున ఒక పేటలో ఇల్లు చూచితిని. వాకిట మామిడిచెట్టు, దానిపై కోకిల, వీధిలో నరసంచారము లేదు. ఇదియే అన్నగారికి తగిన చోటని మురిసి, అప్పటికప్పుడే రెండు నెలల అద్దె ముందుగా చెల్లించితిని. కాగితము వ్రాసికొనలేదు. కాపురము పెట్టిన మొదటి శుక్రవారము రాత్రి తెలిసినది, ఇంటి వెనుకవీధిలో పెండ్లిండ్ల మందిరము గలదని. రాత్రి ఒంటిగంట దాటినను బాజాలు ఆగలేదు. అన్నగారు మంచముపై కూర్చుండియే తెల్లవారనిచ్చిరి. వేసవి రాకమునుపే బోరుబావి యెండినది. నీటిలారీకి సొమ్మెవరు చెల్లించవలెనను తగవు వచ్చినది. యజమాని మీరే యనెను, మేము తామే యంటిమి. వ్రాత లేదు గనుక తీర్పును లేదు. నలువది దినములలో ఇల్లు విడిచితిమి. ముందుగా ఇచ్చిన సొమ్ములో సగము మాత్రమే తిరిగి వచ్చెను. నేను ఆ యజమానుని నిందింపబోగా అన్నగారు వారించి, "ఎద్దును కొనునప్పుడు పండ్లు చూతువు, నడిపించి చూతువు. ఇల్లు పుచ్చుకొనునప్పుడు కోకిలను చూచితివి. తప్పు మనదిరా" అనిరి. ఆ మాట నా మనసున నాటుకొనెను.

రెండవమారు నేను ఎద్దును చూచినట్లే ఇల్లు చూచితిని. అందు గ్రహించిన మెలకువలను వరుసగా చెప్పెదను.

మొదటిది నిశ్శబ్దము. ఇంటిని ఒక్కమారు చూచిన చాలదు. పనిదినమున ఉదయము ఒకమారు, రాత్రి తొమ్మిదిగంటల తరువాత ఒకమారు పోయి వాకిట నిలువవలెను. పెండ్లి మందిరము, బడి, కార్ఖానా, బస్సుల నిలయము ఎంత దూరమున నున్నవో నడిచి చూడవలెను. 2000లో కేంద్ర ప్రభుత్వమువారు శబ్దకాలుష్యమును గూర్చి నిబంధనలు చేసిరి. వాని ననుసరించి నివాస ప్రదేశములందు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను మించిన ధ్వని కూడదు. రాత్రి పది మొదలు ఉదయము ఆఱు గంటల వఱకు బయట ధ్వనివర్ధకములను వాడరాదు. అతిక్రమించినచో పోలీసువారికి ఫిర్యాదు చేయవచ్చును. అయినను జబ్బుమనిషి రాత్రిరాత్రి ఫిర్యాదులు చేయుచు బ్రతుకలేడు గదా! ముందు చూచుకొనుటయే మేలు.

రెండవది నీరు. నల్లా గలదా, ఏ దినములలో ఎంతసేపు వచ్చును, బోరు వైశాఖమాసమున ఎట్లుండును అని యజమానిని గాక ఇరుగుపొరుగులను అడుగవలెను. ఎదురింటి పనిమనిషి చెప్పినంత సత్యము మఱియొకరు చెప్పరు. నీరు చాలకుండుట ఎంత కీడో, నిలిచియుండుటయు అంత కీడే. ఈ సంగతి సికిందరాబాదువారు లోకమునకు నేర్పవలసినది. ఏలయన, 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు ఇచ్చటనే దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆయన పనిచేసిన భవనము బేగంపేటలో నేటికిని నిలిచియున్నది. అందులకు ఆయనకు 1902లో నోబెల్ బహుమానము లభించెను. కావున పచ్చని ముంగిలిని చూచి మురియుటకు ముందు, మూతలేని తొట్టి, పాడుబడిన బావి, పూలకుండీల క్రింది పళ్లెములు, పాత టైర్లు ఉన్నవేమో చూడవలెను. డెంగ్యూ జ్వరమును తెచ్చు దోమ పగటివేళ కుట్టును. అది పెరుగుటకు చిప్పెడు నీరు చాలును.

మూడవది కాగితము. దీనిని గూర్చి పల్లె పెద్దలకు ఒక మొగమోటము గలదు. మాట యిచ్చిన తరువాత వ్రాత యెందుకందురు. మాట మఱచిపోవచ్చును, ఇచ్చినవాడు పోవచ్చును, వ్రాత నిలుచును. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఏడాదికి మించిన కౌలు పత్రమును తప్పక రిజిష్టరు చేయించవలెను. అందుచేతనే పట్టణములందు పదునొకండు నెలలకు వ్రాసికొను ఆచారము ఏర్పడినది. గడువు తీరిన పిమ్మట ఇరువురును ఊరకున్నచో అది నెలవారీ అద్దెగా సాగును. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము నెలవారీ అద్దెదారుని ఖాళీ చేయించుటకు పదునైదు దినముల ముందు తెలియజేసిన చాలును. ముసలివారికి, రోగులకు ఈ పదునైదు దినములు చాలునా? చాలవు. కాని పత్రమునందు రెండు నెలలని వ్రాసికొన్నచో ఆ వ్రాతయే చెల్లును. అదే చట్టమునందు ఇంకొక సంగతి గలదు. యజమాని చేయించవలసిన మరమ్మతును, తెలియజేసిన పిమ్మటను తగిన కాలములో చేయింపనియెడల, అద్దెదారుడే చేయించి ఆ వ్యయమును అద్దెలో మినహాయించుకొనవచ్చును. ఆ మరమ్మతు యజమానిదే యని పత్రమున వ్రాసియున్నచో వాదమునకు తావుండదు. ప్రతి నెలకును రసీదు పుచ్చుకొనవలెను. 1960 నాటి అద్దెల నియంత్రణ చట్టము అద్దెదారునికి రసీదు హక్కును స్పష్టముగా ఇచ్చినది. ఆ చట్టము అధికమైన అద్దె గల యిండ్లకును, క్రొత్త కట్టడములకును వర్తింపదు. అయినను రసీదు అడుగుట ఎచ్చటను తప్పు గాదు.

ఈ చిక్కులు మనకు మాత్రమే గలవని తలపకుడు. పూర్వము మచిలీపట్టణమునకు అద్దకపు బట్టల కొఱకు వచ్చిన డచ్చివారిని మీరెఱుగుదురు. వారి హాలండు దేశమున నాలుగవ వంతు నేల సముద్రమట్టమునకు దిగువను ఉన్నది. కాలువలు, పచ్చికబయళ్లు, నిశ్శబ్దమైన పల్లెలు అచ్చట అనేకములు. పట్టణపు సందడికి ఓర్వలేనివారు ఆ పల్లెలలో అద్దెయిండ్లను వెదకుదురు. ఇల్లు ఖాళీగా ఇచ్చునప్పుడు ఒక్కొక్కచోట నేలపై పఱచిన చెక్కలను గూడ పాతకాపు తీసికొనిపోవునట. కాని ధర్మము గట్టిగా నున్నది. ఇంటి వైశాల్యము, వంటయిల్లు, పెరడు మొదలైనవానికి మార్కులు వేసి అద్దెను లెక్కకట్టుదురు. తగవు తీర్చుటకు అద్దెల సంఘము గలదు. 2023 జూలై మొదలు అచ్చట పూచీసొమ్ము రెండు నెలల అద్దెకు మించరాదని శాసించిరి. మన దేశమునను 2021లో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు పంపిన నమూనా చట్టము నివాసగృహములకు ఈ రెండు నెలల హద్దునే సూచించినది.

ఇక మాకు దొరికిన రెండవ యింటి సంగతి. సైనికపురి ప్రాంతమున, దండులో పనిచేసి గతించిన యొకరి భార్య తన యింటి వెనుకభాగమును అద్దెకిచ్చుచున్నదని తెలిసి పోతిమి. ముంగిట పెద్ద వేపచెట్టు. నేను నీరు, నిశ్శబ్దము, కాగితము అని నా ప్రశ్నలన్నియు అడిగితిని. ఆమె ఓర్పుతో అన్నింటికిని బదులు చెప్పి, "అయ్యా, నాకును ఒక షరతు గలదు. ఆకులు రాలుచున్నవని ఈ చెట్టు కొట్టింపుమని నన్నడుగరాదు. ఇదివఱకు ఇద్దఱు అడిగిరి, ఇద్దఱిని పంపివేసితిని" అనెను. అన్నగారు అంతవఱకు నోరు మెదపలేదు. అప్పుడు లేచి చెట్టు మొదట చేయి వైచి, "అమ్మా, ఈ షరతును మొదట వ్రాయుడు" అనిరి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము ప్రకారము చెట్టు కొట్టుటకు అధికారుల అనుమతి కావలెను. ఆ సంగతి వారిరువురికిని తెలియదు. తెలియకయే ఆ ధర్మమును పాటించిరి.

అన్నగారు ఆ యింట రెండేండ్లు ఉండిరి. రాలిన యాకులను తామే ఊడ్చి గోతిలో ఎరువు చేసిరి. కరివేప మొక్క నాటిరి, ఆనపపాదు పందిరి కెక్కించిరి. తొలి నెలలలో అద్దె చెల్లించునప్పుడు తలవంచుకొని ఇచ్చుచుండెడివారు. క్రమముగా, రసీదు పుచ్చుకొని, చదివి, మడిచి పెట్టెలో పెట్టుకొనుటలో వారికొక నిబ్బరము కలిగెను. తాము ఒకరి దయపై బ్రతుకుట లేదు, మాట ప్రకారము ఇచ్చి మాట ప్రకారము ఉండుచున్నారు.

రెండేండ్ల తరువాత ఆమె కుమారుడు పరదేశమునుండి మరలి వచ్చుచున్నాడని, పత్రమున వ్రాసికొన్నట్లే రెండు నెలల ముందు ఆమె తెలియజేసెను. అప్పటికి అన్నగారి ఆరోగ్యము కుదుటబడినది. ఊరికి పోవుటకు వైద్యుడు సమ్మతించెను. పూచీసొమ్ము ఒక్క రూపాయియైన తగ్గకుండ ఆమె తిరిగి ఇచ్చివేసెను. పాదున ఇంకను పిందెలున్నవి. గడువు ఇంతయని నిర్ణయము లేని కౌలు ముగిసినప్పుడు, తాను వేసిన పైరును కోసికొనిపోవు హక్కు కౌలుదారునికి చట్టమిచ్చినది. ఆమె చట్టము చదువలేదు. "కాయలు ముదిరిన పిదప కబురు చేసెదను, వచ్చి కోసికొనిపొండు" అనెను. నెల గడచిన పిమ్మట నేను పోయి నాలుగు కాయలు తెచ్చి ఊరికి పంపితిని.

శ్రోతలారా! ఇంతవఱకు అద్దెకుండువాని పక్షమున మాటలాడితిని. ఒక్క మాట చెప్పి ముగింతును. మన గ్రామములలో మీలో పలువురు యజమానులు గూడ. బడి పంతులుకో, బ్యాంకు గుమాస్తాకో, ఆసుపత్రి నర్సమ్మకో ఇంటిలో ఒక భాగమును ఇచ్చియుందురు. మా యన్నగారి పాతయింటి ప్రక్కగదులలో ఒక నర్సమ్మ ఏండ్ల తరబడి కాపురమున్నది. ఆమెకు ఆయన ఏనాడును రసీదు ఇచ్చియుండలేదు. వానకు కురియు కప్పును గూర్చి ఆమె మూడేండ్లు చెప్పినను వినలేదు. ఊరు చేరిన వారములోనే పెంకులు నేయించిరి. నెల మొదటి దినమున ఆమె అద్దె తెచ్చి యీయగా, కూర్చుండబెట్టి, కళ్లజోడు పెట్టుకొని, తమ చేతితో రసీదు వ్రాసి యిచ్చిరి. ఆమె ఆశ్చర్యపడి, "ఇది యెందుకు పెద్దయ్యా?" అని అడిగినది.

"దాచుకొమ్మా! దీని విలువ నాకు సికిందరాబాదులో తెలిసినది" అని ఆయన బదులు చెప్పిరి.