ఒక కుర్చీ – ముగ్గురు గవర్నరులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవ సమయమున ఏదేని చరిత్ర విషయము ముచ్చటింపుమని కార్యదర్శిగారు కోరిరి. ఎన్నికల మాట యనగానే చెవి యొగ్గని గ్రామము మన దేశమున లేదు. కావున అమెరికాలోని జార్జియా రాష్ట్రమున గవర్నరు పదవికై జరిగిన ఎన్నికల కథను మీకు వినిపింపదలచితిని.

ముందుగా ఒక భేదము గ్రహింపవలెను. మనకు గవర్నరనగా రాష్ట్రపతి నియమించిన పెద్ద, పాలనాభారము ముఖ్యమంత్రిది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము అవతరించినప్పుడు చందూలాల్ మాధవలాల్ త్రివేదిగారు తొలి గవర్నరైనది ఇట్టి నియామకము వలననే. అమెరికాలోనో, గవర్నరును ప్రజలే యెన్నుకొందురు, పాలించువాడును ఆయనయే. మన రాజ్యాంగసభవారును 1947లో గవర్నరులను వయోజనుల ఓటుతోనే యెన్నుకొనవలెనని తొలుత తలచి, 1949లో ఆ యూహను విడిచిరి. ప్రజలెన్నుకొన్న గవర్నరును, శాసనసభ బలముగల ముఖ్యమంత్రియు ఎదురుపడినచో, ఒక ఒరలో రెండు కత్తు లిమిడెడి దెట్లని వారి శంక. జార్జియాలో రెండు కాదు, మూడు కత్తులు ఒక ఒరకై పోరాడినవి.

1732లో ఇంగ్లండు రాజు రెండవ జార్జి ఇచ్చిన శాసనముతో పుట్టిన సీమ యగుటచే దానికి జార్జియా యని పేరు. రాజు పంపిన గవర్నరులతో విసిగిన ఆ జనులు, స్వతంత్రులైన పిదప 1777లో వ్రాసికొన్న రాజ్యాంగమున గవర్నరునకు ఒక్క యేడు మాత్రమే గడువిచ్చిరి. ఎన్నుకొనువారు శాసనసభవారు. ప్రజలు స్వయముగా ఎన్నుకొన్నది 1825లో. జార్జి ట్రూప్ అను నాతడు జాన్ క్లార్కును కొలది వందల ఓట్లతో ఓడించెను. ప్రజలనగా నాడు తెల్లవారిలో పురుషులు మాత్రమే యని వేరుగ చెప్పనక్కరలేదు.

అంతర్యుద్ధము ముగిసి, నీగ్రోలని నాడు పిలువబడిన నల్లజాతివారికి ఓటు వచ్చిన దినములలో రిపబ్లికను పక్షమువాడైన రూఫస్ బుల్లక్ గవర్నరయ్యెను. 1871లో ఆయన రాజీనామా యిచ్చి రాష్ట్రము విడిచి పారిపోయెను. 1872 మొదలు 2003 వరకు, అనగా 131 సంవత్సరములు, ఆ కుర్చీలో డెమొక్రాటులు తప్ప అన్యులు కూర్చుండలేదు. కావున నవంబరులో జరుగు ఎన్నిక పేరునకే. అసలు పోరు పక్షములోపల అభ్యర్థిని నిర్ణయించు ప్రాథమిక ఎన్నికలోనే జరిగెడిది. దానియందు నల్లవారిని అడుగు పెట్టనీయకుండిరి. కొలంబస్ పట్టణమున ప్రైమస్ కింగ్ అను క్షురకుడు 1944లో ఓటు వేయబోగా వెడలగొట్టిరి. ఆయన న్యాయస్థానమునకెక్కి, 1946లో గెలిచి, తనవారందరికిని ఆ తలుపు తెరపించెను. గవర్నరులు వచ్చిరి, పోయిరి గాని, నా లెక్కలో ఈ చరిత్రయందు పెద్దపీట వేయవలసినది ఈ మంగలికే.

తలుపు తెరచినను త్రాసు సరిగా లేదు. ఆ రాష్ట్రమున 159 కౌంటీలు గలవు. మన తాలూకాల వంటివనుకొనుడు. 1917 నాటి చట్టము ప్రకారము ప్రాథమిక ఎన్నికలో ఓట్లు లెక్కింపరు, కౌంటీల యూనిట్లు లెక్కింతురు. పెద్దవి ఎనిమిదింటికి ఆరేసి, తరువాతి ముప్పదింటికి నాలుగేసి, మిగిలిన 121 కౌంటీలకు రెండేసి యూనిట్లు, వెరసి 410. 1960 జనాభా లెక్కలలో అట్లాంటా నగరము గల ఫుల్టన్ కౌంటీలో 5,56,326 మంది యుండిరి. వారికి ఆరు యూనిట్లు. ఎకొల్స్ కౌంటీలో నున్నది 1,876 మంది, వారికి రెండు. లెక్క వేసి చూడుడు: అచ్చట 938 మందికి ఒక యూనిటు, ఇచ్చట 92,721 మందికి ఒక యూనిటు! పల్లెకు ఇంత గౌరవమా యని మనము మురియరాదు. ఆ పలుకుబడి పల్లెవాసునిది కాదు, కౌంటీని గుప్పిట బట్టిన నలుగురు పెద్దలది.

1946లో ఈ త్రాసు మహిమ బయటపడెను. జేమ్స్ కార్మైకేలుకు ఎక్కువ ఓట్లు వచ్చెను. యూనిట్లు మాత్రము యూజీన్ టాల్మడ్జికి వచ్చెను. ఈ టాల్మడ్జి అంతకుముందే మూడుమారులు గెలిచిన ఘటికుడు; నల్లవారి ఓటుకు బద్ధవిరోధి. నవంబరులో లాంఛనముగ ఎన్నికై, ప్రమాణస్వీకారమునకు ముందే డిసెంబరు 21న మరణించెను.

ఆయన ఆరోగ్యము చెడినదని యెరిగిన అనుచరులు కొందరు నవంబరులోనే ఓటుచీటిపై ఆయన కుమారుడు హెర్మన్ పేరును చేతితో వ్రాసియుండిరి. ఎవరికిని అధికసంఖ్య లేనియెడల, సజీవులైన తరువాతి ఇద్దరిలో ఒకరిని శాసనసభ యెన్నుకొనవచ్చునని రాజ్యాంగమున ఒక మాట కలదు. తీరా లెక్కింపగా కార్మైకేలుకు 669, బవర్స్ అను నాతనికి 637, హెర్మనుకు 617! అంతలో టాల్మడ్జీల స్వస్థలమైన టెల్ఫేర్ కౌంటీలో 58 చీటీలు క్రొత్తగా దొరికెను. హెర్మను 675తో ముందునకు వచ్చెను. పిదప ఒక పత్రికా విలేఖరి విచారించి చూడగా, ఆ జాబితాలో చచ్చినవారును ఓటు వేసియుండిరి. పేర్లు పెక్కు అకారాదిక్రమమున వరుస దీరియుండెను. ఓటు వేయుటకు జనులు అక్షరక్రమమున బారులు తీరు గ్రామ మేదైన నున్నచో నాకు చూపుడు.

1947 జనవరి 15 తెల్లవారుజామున శాసనసభ 161–87 ఓట్లతో హెర్మనును గవర్నరుగా ప్రకటించెను. పాత గవర్నరు ఎల్లిస్ ఆర్నాల్ దిగనని భీష్మించెను. హెర్మను మనుష్యులు కార్యాలయపు తాళములు మార్చివేసిరి. ఆర్నాల్ అదే భవనములోని విచారణ బల్లయొద్ద కూర్చుండి గవర్నరుగా వ్యవహరించెను. ఎన్నికైన ఉపగవర్నరు మెల్విన్ థాంప్సన్ పదవి తనదే యనెను. ఆర్నాల్ ఆయన పక్షమున 18న తప్పుకొనెను. రాజముద్ర బెన్ ఫోర్ట్సన్ అను కార్యదర్శి యధీనమున నుండెను. నడువలేక చక్రముల కుర్చీలో తిరుగు నాతడు ఆ ముద్రను తన కుర్చీ మెత్త క్రింద దాచి, న్యాయస్థానము తేల్చువరకు ఎవరికిని ఈయడయ్యెను. మార్చి 19న రాష్ట్ర సుప్రీంకోర్టు, శాసనసభకు ఆ అధికారము లేదనియు, థాంప్సనే న్యాయమైన అధికారి యనియు తీర్పు చెప్పెను. హెర్మను ఎదురాడక వెడలిపోయి, 1948లో ప్రజల ఓటుతోనే తిరిగివచ్చెను.

యూనిట్ల త్రాసును 1963లో దేశపు సుప్రీంకోర్టు విరుగగొట్టెను; ఒక మనిషికి ఒక ఓటు అను సూత్రమును ఆ తీర్పుననే స్పష్టముగ పలికెను. రాజ్యాంగములోని ఆ పాత మాట మాత్రము మరియొకమారు పని చేసెను. 1966లో ఆర్నాల్ పేరును వేలమంది చేతితో వ్రాయుటచే ఎవరికిని అధికసంఖ్య రాలేదు. ఎక్కువ ఓట్లు వచ్చిన కాలవే యుండగా, శాసనసభ నల్లవారిని తన భోజనశాల గడప తొక్కనీయని లెస్టర్ మాడక్సును గవర్నరు చేసెను. పక్షపు ప్రాథమిక ఎన్నికలో ఆ సంవత్సరమే ఓడినవారిలో జిమ్మీ కార్టర్ ఒకరు. ఆయన 1970లో గెలిచి, జాతిభేదపు కాలము చెల్లినదని 1971 జనవరిలో తన తొలి ప్రసంగముననే చాటెను.

తరువాత ఆ రాజ్యాంగమును సవరించిరి. ఎవరికిని సగము మించనిచో మొదటి ఇద్దరి నడుమ ప్రజలే రెండవమారు ఓటు వేయుదురు; శాసనసభకు ఆ పని లేదు.