హేమంతమున కట్టిన చుట్టిల్లు

నేను ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. గృహనిర్మాణమున నాకు పాండిత్యము లేదు. అయినను ఒక చలికాలమున మా కుటుంబమునకై మట్టి యిల్లు కట్టించుచు నేర్చుకొన్న పాఠము మీకు పనికివచ్చునేమో యని విన్నవించుచున్నాను.

మాది శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువజామున తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటెను. మా తండ్రిగారు నాటిన కొబ్బరితోటలో నూట యిరువది చెట్లకు పదునాలుగు మాత్రమే నిలిచినవి. మా పెంకుటింటి కప్పు ఎగిరిపోయి గోడలు కూలినవి. ఎనుబదియాఱేండ్ల మా తల్లిని తమ్ముడు పొరుగూరిలోని తన యింటికి తీసికొనిపోయెను. ఆమె కోరిన దొక్కటే: "రథసప్తమినాడు మన వాకిట్లో పాలు పొంగించాలిరా, నాయనా." ఆ పండుగ 2019 ఫిబ్రవరి 12వ తేదీన వచ్చుచున్నది. నాకు నాలుగు నెలల గడువు.

సిమెంటుతో కట్టుదమని మా అబ్బాయి యనెను. అంత ధనము చేత లేదు. పడిన చెట్లు కన్నుల యెదుట ఉన్నవి. కావున మా తాతలనాటి చుట్టిల్లే కట్ట నిశ్చయించితిమి. ఉత్తరకోస్తా తీరమున పూర్వులు గుండ్రని గోడ, క్రిందికి దిగిన చూరు ఊరక పెట్టలేదు. గాలి తాకుటకు బల్లపరుపు ముఖము లేనందున అది గోడ చుట్టును జాఱిపోవును. చూరు నేలకు దగ్గఱగా నున్నందున కప్పును పైకెత్తుటకు గాలికి పట్టు తక్కువ.

కార్తికమాసపు చివర నడుమ మేకు పాతి, త్రాడు త్రిప్పి వలయము గీచితిమి. రాతి పునాదిపై రెండడుగుల యెత్తు అరుగు లేపితిమి. మా నేల ఇసుకపాలు ఎక్కువైన ఎఱ్ఱనేల. అది ఒంటిగా నిలువదు. చెరువు బంకమట్టి కలిపి, వరిగడ్డి ముక్కలు చల్లి, నానబెట్టి, కాళ్లతో త్రొక్కించితిమి. కొబ్బరిమ్రానులో వెలిచుట్టు గట్టిది, నడిమిభాగము బెండువంటిది. ముదురుచెట్ల మొదటిభాగమునుండి వెలిచెక్కలు మాత్రమే కోయించి, నడుమ సందులుంచి నీడను పేర్చి ఆరబెట్టితిమి.

గోడ పెట్టిన వృద్ధుడు మొదటనే చెప్పెను: "మాస్టారూ, మూరెడు వరుస పెట్టాక వారం పది రోజులు దాన్ని ముట్టుకోకూడదు." మంచుకాలపు ఎండ మెత్తనిది; అందు మట్టి మెల్లగా ఆరును, పగుళ్లు తక్కువగా పుట్టును. నేను ఆ మంచినే చెడ్డగా తలంచితిని. ప్రతి ఉదయమును గోడపై చేయి వేసి, తడి తగులుచున్నను ఆరినదని నాకు నేనే చెప్పుకొంటిని. రెండవ వరుస పచ్చిగా నుండగనే మూడవది వేయించితిని. ఆ వృద్ధుడు నా మాట కాదనలేక వేసెను.

అంతట ఫెథాయి తుపాను వచ్చెను. 2018 డిసెంబరు 17వ తేదీన, ముక్కోటి ఏకాదశికి ముందునాడు, అది తూర్పుగోదావరి జిల్లాలో తీరము దాటెను; వాన మావైపును తడిపినది. రేడియో ముందుగనే హెచ్చరించుచుండెను. నేను కోసిన చెక్కలను కప్పితిని గాని గోడతలను కప్పలేదు. తెల్లవాఱునప్పటికి తూర్పువైపున ఆఱు మూరల మేర గోడ కూలి ముద్దయై పడియుండెను. క్రింద ఆరిన మొదటి వరుస మాత్రము చెక్కుచెదరలేదు.

చలిలో ఆ వృద్ధుడు ఒక్కమాటయు దెప్పక ముద్దను పారతో తీసి, గట్టిగానున్న పాత వరుసను గీచి, తడిపి, మరల మొదలుపెట్టెను. పొలములో పనలమీద తడిసిన తమ్ముని వరిగడ్డి మేతకు పనికిరాక నల్లబడినది. దానిని ఏరి మట్టిలో త్రొక్కితిమి. ఈమాఱు ప్రతి వరుసకు పది దినములు ఆగితిమి. సాయంకాలము కాగానే కొబ్బరిమట్టలు కప్పితిమి.

రథసప్తమినాటికి గోడ పూర్తియైనది గాని కప్పు లేదు. మా తల్లి పొరుగూరిలోనే తమ్ముని పెరట పిడకలు రాజేసి పాలు పొంగించినది. నేను తల వంచుకొని నిలిచితిని. ఆమె నవ్వి, "గోడకు లేని తొందర నీకెందుకురా?" అన్నది. వాసములను గోడలో పాతిన గుంజలకు బిగించి కట్టి, తాటాకు కప్పి, ఫాల్గుణ శుద్ధమున గృహప్రవేశము చేసితిమి.

ఆ యింట ఆమె 2020, 2021 సంవత్సరములలో రథసప్తమికి పాలు పొంగించినది. ఆపై సంవత్సరము లేదు. ఆమెకు దక్కవలసిన మూడింటిలో ఒకటి నా తొందరవలన తప్పినది.

చలికాలమున మట్టి గోడ పెట్టువారికి మూడు మాటలు మనవి చేసి విరమింతును. వరుస లోపలిదాక ఆరినదో లేదో పుల్ల గ్రుచ్చి చూడుడు, పైచేయి నమ్మకుడు. ప్రతి సాయంకాలము గోడతల కప్పుడు. తుపాను హెచ్చరిక వచ్చినచో ఎంత గట్టి చుట్టిల్లైనను విడిచి, వృద్ధులను, పసివారిని ముందుగా తుపాను రక్షణ భవనమునకు చేర్పుడు. ఇల్లు మరల కట్టుకొనవచ్చును.

గృహప్రవేశమునాడు మా తల్లి వాకిట నాటించిన కొబ్బరిమొక్క ఇప్పుడు చూరు దాటి పెరిగినది.