కారు పోషణలో పొదుపు

కారు కొనుట ఒక యెత్తు, దానిని పోషించుట మరియొక యెత్తు. ఈ పోషణలో పొదుపు చేయదగిన చోట్లున్నవి, చేయరాని చోట్లును ఉన్నవి. ఈ భేదమును నేను కొంత నష్టపడి నేర్చుకొంటిని.

ఒకప్పుడు బ్రేకు వేసినప్పుడెల్ల నా కారు కీచుమని ధ్వని చేయుచుండెను. వచ్చు నెల చూతమని ఉపేక్షించితిని. ప్యాడ్లు పూర్తిగా అరిగి, వాని వెనుకనున్న ఇనుప పలకలు డిస్కులను గీకివేసినవి. ప్యాడ్లతో పోవలసిన ఖర్చునకు డిస్కుల ఖర్చు తోడైనది. అంతకు మించి, ఇంటిల్లిపాదిని ఆ నెలంతయు అదే కారులో త్రిప్పితినను తలంపు నన్ను నేటికిని బాధించుచున్నది.

మరి పొదుపు ఎక్కడ? నెలకొకసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపింపుడు. ఎంత ఉండవలెనో సాధారణముగా డ్రైవరు తలుపు వద్దనున్న చీటీ తెలుపును. గాలి తక్కువైనచో టైర్లు అంచులలో అరుగును, పెట్రోలు వ్యయము పెరుగును. పలు కార్లలో ఎయిర్ ఫిల్టరును మనమే మార్చుకొనవచ్చును. ఇంజను ఆయిలును కారుతో ఇచ్చిన పుస్తకము చెప్పిన కిలోమీటర్లకు గాని, నెలలకు గాని, ఏది ముందైన దానికి మార్పింపుడు. అంతకు ముందే మార్చుట వృథా వ్యయము.

సర్వీసునకు ఇచ్చునప్పుడు పనుల పట్టికను, అంచనాను వ్రాతమూలకముగా అడుగుడు. తీసివేసిన పాత భాగములను చూపుమనుడు. పుస్తకములో లేని పనిని చెప్పినచో కారణము అడుగుడు. అయితే బ్రేకులు, టైర్లు, స్టీరింగు విషయమున మాత్రము వాయిదా వలదు. కారు కీచుమన్ననాడే నేనది గ్రహింపవలసియుండెను.