కటౌట్ కథ

ఎవరి జ్ఞాపకార్థం ఈ రోజు రాజమండ్రిలో కలుసుకున్నామో ఆ మేస్త్రిగారి జీవితమంతా డైనమోలతోనే గడిచింది. అందుకే ఈ ఏటి ఉపన్యాసానికి ఆయన చేతికి బాగా అలవాటైన చిన్న వస్తువునే తీసుకున్నాను. అది కటౌట్.

1912లో కాడిలాక్ కారుకి చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాక హ్యాండిల్ తిప్పే బాధ తప్పింది. 1919లో ఫోర్డ్ మోడల్-టీకీ వచ్చింది. అయితే ‘సెల్ఫ్’ కొట్టినప్పుడల్లా బ్యాటరీ దిగుతుంది. దాన్ని నింపడానికి ఇంజనుతో తిరిగే డైనమో కావాలి. చిక్కు అక్కడే వచ్చింది. ఇంజను జోరుగా తిరుగుతుంటే డైనమో ఓల్టేజీ ఎక్కువ, కరెంటు బ్యాటరీలోకి పోతుంది. ఇంజను నెమ్మదిస్తే బ్యాటరీదే పైచేయి. కరెంటు వెనక్కి మళ్ళి డైనమోలోకి పోతుంది. బ్యాటరీ ఖాళీ అవుతుంది, వైండింగు కాలిపోనూవచ్చు. డెల్టా వాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. సముద్రం దగ్గర మురుగు కాలువ మొగన తూముకి తలుపెందుకు? మురుగు బయటికి పోవాలి, పోటు వేళ ఉప్పునీరు లోపలికి రాకూడదు. కటౌట్ చేసేదీ అదే.

మూత తీసి చూడండి. ఇనప కోరు మీద రెండు వైండింగులు. ఒకటి సన్నతీగతో ఎన్నో చుట్లు. డైనమో ఓల్టేజీ దాని మీద పడుతుంది. రెండోది లావుతీగతో కొద్ది చుట్లు. ఛార్జింగు కరెంటంతా దాంట్లోంచే పోవాలి. పైన స్ప్రింగు పట్టి ఉంచిన ఇనప రేకు, దాని కొసన పాయింటు. లూకాస్ కంపెనీ ఆర్‌బీ-106 కటౌట్ బాక్సు 12 ఓల్టులదైతే, డైనమో 12.7 నుంచి 13.3 ఓల్టుల మధ్యకి రాగానే సన్నతీగ అయస్కాంతం రేకును లాగుతుంది, పాయింట్లు కలుస్తాయి. లావుతీగలో పారే కరెంటు ఆ పట్టును ఇంకా బిగిస్తుంది. అదే కరెంటు వెనక్కి మళ్ళితే లావుతీగ బలం ఎదురు తిరిగి సన్నతీగ బలాన్ని తగ్గిస్తుంది, స్ప్రింగు గెలుస్తుంది, పాయింట్లు విడిపోతాయి. తప్పుదారి పట్టిన కరెంటే తన దారిని తాను తెంపుకుంటుంది. ఇంతకంటే అందమైన ఏర్పాటు ఆ కాలపు కారులో ఇంకోటి లేదని నా అభిప్రాయం.

నరసాపురం–సఖినేటిపల్లి రేవులోనో, కోటిపల్లి–ముక్తేశ్వరం రేవులోనో పంటు కోసం కారు ఆగినప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బల్బు వెలిగేది. దాని ఒక కొస డైనమో వైపు, రెండో కొస బ్యాటరీ వైపు. రెండు వైపులా ఓల్టేజీ సమానమైతే ఆరుతుంది. ఇంజను నిదానంగా తిరుగుతుంటే కటౌట్ విడిపోయి వెలుగుతుంది. యాక్సిలరేటరు తొక్కగానే ఆరితే కటౌట్ పని చేస్తున్నట్టే. మంచి డ్రైవరు ఆ బల్బు మీద ఓ కన్నేసి ఉంచేవాడు.

అసలు ప్రమాదం పాయింట్లు అతుక్కుపోతే. ఇంజను ఆపినా కరెంటు పారుతూనే ఉంటుంది, వైర్లు పొగలు కక్కుతాయి. అప్పుడు ముందుగా బ్యాటరీ టెర్మినల్ విప్పాలి, మిగతా విచారణ తర్వాత. పాయింట్లు శుభ్రం చేసి, డైనమో తీగ వచ్చే ‘డి’ టెర్మినల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఓల్టుమీటరు పెట్టి, ఇంజను వేగం మెల్లగా పెంచుతూ, పాయింట్లు కలిసే ఓల్టేజీ చూసి స్క్రూ సరిచేయాలి. ఓపికతో చేయాల్సిన పని.

1961లో మద్రాసులో, వాహనాల విద్యుత్ పరికరాలు చేసే లూకాస్-టీవీఎస్ మొదలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో క్రైస్లర్ కార్లకి డైనమోల బదులు ఆల్టర్నేటర్లు వచ్చాయి. వాటిలోని సిలికాన్ డయోడు కరెంటును ఒకే దిక్కుకి పోనిస్తుంది కనుక కటౌట్ అవసరం తీరిపోయింది. మన అంబాసిడర్లలో మాత్రం డైనమో చాలాకాలమే ఉంది.

మేస్త్రులకు ఒక విన్నపం. మీ షెడ్ల మూలల్లో పాత కటౌట్ బాక్సులుంటే పాత ఇనుముకి వేయకండి. పాలిటెక్నిక్‌కి ఇవ్వండి. పిల్లల ముందు మూత విప్పి, పాయింట్లు కలవడం, విడిపోవడం మీరే స్వయంగా చూపించండి.