ఫొటో చూసి పురుగు పేరు చెప్పొచ్చా?

(తాడేపల్లిలో రైతు సంఘం అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగం)



ఇప్పుడు చేలో ఏ పురుగు కనబడినా ముందు ఫోను తీస్తున్నాం. ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టి, "ఇదేం పురుగు, ఏ మందు కొట్టాలి?" అని అడుగుతున్నాం. ఐదు నిమిషాల్లో నాలుగు పేర్లు, నాలుగు మందులు వస్తాయి. ఫొటో ఎంతవరకు చెబుతుంది, ఎక్కడ చెప్పలేదు అనేది తెలుసుకోకపోతే నష్టపోయేది మనమే.

మాంసపు ఈగను తీసుకోండి. బూడిద రంగు, వీపు మీద నిలువునా మూడు నల్లచారలు, పొట్ట మీద చదరంగం గళ్లు, ఎర్రటి కళ్లు. కుళ్లిన మాంసం మీద, పేడ మీద, ఒక్కోసారి గొడ్ల పుండ్ల మీద వాలుతుంది. చాలావరకు గుడ్లు పెట్టదు, బతికున్న పిల్ల పురుగుల్నే వదులుతుంది. ఇంట్లో తిరిగే ఈగకు నాలుగు చారలుంటాయి. పచ్చగా, నీలంగా మెరిసే ఈగలది వేరే కుటుంబం. ఇంతవరకు మంచి ఫొటో చెబుతుంది.

ఆపైన చెప్పదు. ప్రపంచంలో మాంసపు ఈగలు దాదాపు 3,000 జాతులున్నాయి. చాలావాటికి పైరూపం ఒకటే. ఏ జాతో తేల్చాలంటే మగ ఈగను పట్టి, పొట్ట చివరుండే జననాంగాన్ని మైక్రోస్కోపు కింద చూడాలి.

దీంతో రైతుకేం పని అంటారేమో. అచ్చం ఇలాగే బూడిద రంగులో, పొట్ట మీద ముళ్లలాంటి వెంట్రుకలతో టాకినిడ్ ఈగలని ఉన్నాయి. ఇవి శనగపచ్చ పురుగు, పొగాకు లద్దెపురుగు లాంటివాటి మీద గుడ్లో పిల్లలో పెడతాయి. ఆ పిల్లలు లద్దెపురుగును లోపలి నుంచి తిని చంపుతాయి. అంటే మనకు కూలి అడగని పనివాళ్లు. మసక ఫొటో చూసి మందు కొడితే చచ్చేది మిత్రుడే.

మన మిరప సంగతి ఇంకా పెద్దది. పాత తామర పురుగు లేత పసుపు రంగులో ఉండి ఆకు తింటుంది, పైముడత వస్తుంది. 2021లో మన మిరప మీద పడ్డ నల్ల తామర పురుగు వేరే జాతి. పేరు థ్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట గుర్తించారు. ఇది పూలలో చేరుతుంది. పూత రాలుతుంది, కాయ వంకర పోతుంది. పొడవు ఒక మిల్లీమీటరు. ఫోను ఫొటోలో నల్లచుక్కే కనబడుతుంది. శాస్త్రవేత్తలు పురుగును పట్టి, స్లైడు మీద పెట్టి చూసి తేల్చారు. ఈలోగా రైతులు మందు మీద మందు కొట్టారు. అప్పులు పెరిగాయి, కొందరు తోటలే పీకేశారు.

కాబట్టి ఫొటో తీయండి, సరిగ్గా తీయండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, దెబ్బతిన్న ఆకో పువ్వో కనబడేలా ఒకటి. పక్కన రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది. ఊరు, పంట, తేదీ రాయండి. ఆ తర్వాత పురుగును కూడా పట్టండి. మిరప పూలను తెల్లకాగితం మీద దులిపి, రాలిన పురుగుల్ని స్పిరిట్ ఉన్న చిన్న సీసాలో వేయండి. ఈగనైతే నలపకుండా పొడి డబ్బాలో ఉంచండి. లాం పరిశోధనా స్థానానికో, కృషి విజ్ఞాన కేంద్రానికో ఇవ్వండి. జవాబు వచ్చేదాకా నీలిరంగు జిగురు అట్టలు కట్టి, పురుగు పెరుగుతోందో తగ్గుతోందో రోజూ చూడండి.

2024 ఆగస్టులో కేంద్రం ఫొటో చూసి చీడను చెప్పే ఎన్‌పీఎస్‌ఎస్ యాప్ తెచ్చింది. మంచిదే, వాడుకుందాం. కానీ యాప్ వచ్చిందని మనిషిని తీసేస్తే ఒప్పుకోం. మన డిమాండ్లు మూడు. ప్రతి రైతు సేవా కేంద్రంలో మైక్రోస్కోపు, దాన్ని చూడటం వచ్చిన సిబ్బంది ఉండాలి. రైతు ఇచ్చిన పురుగును ప్రభుత్వ ఖర్చుతో ప్రయోగశాలకు పంపి, వారంలోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. కొత్త పురుగు దేశంలో ఎక్కడ కనబడినా మన జిల్లాల రైతులకు వెంటనే చెప్పాలి. బొప్పాయి మీద కనబడిన పురుగు మిరప మీదకు రావడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లలో మనకు ఎవరూ చెప్పలేదు.

పట్టా ఉన్న రైతుకైనా, కౌలు రైతుకైనా ఈ సేవ ఒకేలా అందాలి. మందు ఖర్చు ఎక్కువగా మోసేది కౌలు రైతే. వచ్చే సమావేశానికి ప్రతి గ్రామ శాఖ నుంచి ఒక సీసా, ఒక చీటీ తీసుకురండి. అందరం కలిసి లాం వెళ్లి ఇద్దాం.