కోనేటి గట్టున ఉండిపోయినవారు



యోహాను సువార్త 5వ అధ్యాయంలోని బేతెస్ద కోనేరు మనందరికీ తెలుసు. అక్కడ 38 ఏళ్లుగా జబ్బుతో ఉన్న మనిషి ఒకడున్నాడు. కోనేరు ఉంది, నీళ్లున్నాయి, అయిదు మంటపాలున్నాయి. అయినా అతనికి ఆ నీళ్లు అందలేదు. తనను దించే మనిషి లేడని యేసుతో చెప్పుకున్నాడు. ఈ సాయంత్రం మనం మాట్లాడుకునేదీ అలాంటి కోనేరు గురించే. ఇంట్లో ఉండి ఫోను చూస్తూ చేసే వ్యాయామ తరగతుల గురించి.

వ్యాయామానికీ సంఘానికీ ఏం సంబంధమని కొందరు అడిగారు. దేహం దేవుని ఆలయమని పౌలు కొరింథీయులకు రాసిన మాట యువజన కూడికల్లో ఎన్నోసార్లు విన్నాం. సిగరెట్టు, సారా మానమని చెప్పడానికే ఆ మాటను ఎక్కువగా వాడుకున్నాం. మోకాళ్ల నొప్పులతో చర్చి మెట్లు ఎక్కలేక ఇంట్లోనే ఉండిపోయిన అమ్మమ్మ దేహం కూడా ఆలయమే కదా!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ఏమిటంటే, పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలి. 65 ఏళ్లు దాటినవాళ్లు వారంలో 3 రోజులైనా బలాన్నిచ్చే, పడిపోకుండా నిలదొక్కుకోవడానికి పనికొచ్చే కదలికలు చేయాలి. వైకల్యం ఉన్నవారికీ ఆ సలహా వర్తిస్తుంది. అంతసేపు చేయలేకపోతే, అసలు చేయకపోవడం కన్నా కొంచెం చేసినా మేలే. మోస్తరు శ్రమ అంటే ఎంత? చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. క్వయర్‌లో ఉన్నవాళ్లకు ఈ కొలత బాగా తెలుస్తుంది.

మేము కొందరం కలిసి వీడియో కాల్‌లో వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున తరగతి మొదలుపెట్టాం. అందులో చేసిన తప్పులు మీ ముందు ఒప్పుకోవాలి.

మొదటి తప్పు మా మాటల్లోనే ఉంది. “ఇదిగో ఇలా వంచండి, ఇటు తిప్పండి” అని చెప్పుకుంటూ పోయాం. చూపులేని ఒక అక్క రెండు రోజులు వచ్చి మానేసింది. ఫోను చేస్తే, “ఇలా అంటే ఎలా తమ్ముడూ?” అంది. మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఇలా చెబుతున్నాం: “కుర్చీలో నిటారుగా కూర్చోండి. రెండు పాదాలూ నేలకు ఆనించండి. కుడి మడమ నేల మీదే ఉంచి, వేళ్లు మాత్రం పైకి లేపండి.” కళ్లు మూసుకుని విన్నా అర్థమవుతుందా అని ముందు మేమే చేసి చూసుకుంటాం.

రెండో తప్పు అక్షరాలది. చెవులు వినబడని ఒక తమ్ముడి కోసం తెర మీద తెలుగులో రాశాం. అతడు చదివింది తమిళ మీడియం. మన ఇళ్లలో మాట తెలుగే, బడిలో నేర్చిన అక్షరాలు మాత్రం కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో. అది మన బతుకే అయినా మాకు తట్టలేదు. ఇప్పుడు ఎవరికి ఏ లిపి వస్తుందో ముందే అడుగుతున్నాం. సైగ భాష తెలిసినవాళ్లు దొరికిన రోజున వాళ్లను తెర మీద పెద్దగా కనిపించేలా కూర్చోబెడుతున్నాం.

మూడోది వేళ. ఉదయం ఆరింటికి పెట్టాం. బెంగళూరు, చెన్నై వీధులు ఊడ్చే మన తెలుగు అక్కచెల్లెళ్లు ఆ వేళకు చీపురు పట్టుకుని రోడ్డు మీద ఉంటారు. సాయంత్రానికి మార్చాం. డేటా లేనివాళ్లకు మామూలు ఫోనులోనే కాన్ఫరెన్స్ కాల్ కలుపుతున్నాం.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది, గోడకు ఆనించి వేసుకోండి. మడమలు లేపేటప్పుడు వంటగట్టు పట్టుకోండి. ఊపిరి బిగబట్టకండి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి సాయం పిలవండి. గుండె జబ్బున్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, కోలారు గనుల ధూళితో ఊపిరితిత్తులు దెబ్బతిన్న మన పెద్దలు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

ఇంకో మాట. రోజంతా వంగి ఊడ్చే తల్లికి, షోలాపూర్‌లో మెడ వంచి బీడీలు చుట్టే తల్లికి “వ్యాయామం చేయమ్మా” అని చెప్పి చేతులు దులుపుకోలేం. వాళ్లకు ముందు కావలసింది విశ్రాంతి, సరైన కూలి, వారానికో సెలవు. నడుము, మెడ సాగదీసే నాలుగు కదలికలు ఆ హక్కులకు తోడు కావాలే గాని, వాటికి బదులు కారాదు.

ఇది దయాధర్మం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రసారాలకు, వీడియోలకు సైగ భాష, తెర మీద అక్షరాలు, దృశ్యాన్ని వివరించే మాట ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని ఆ చట్టంలోని 42వ సెక్షన్ చెబుతోంది. డిజిటల్ సేవలు అందరికీ అందడం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చింది. బయటివాళ్లను ఇది అడిగే ముందు మన ఆరాధన ప్రసారాలు ఎలా ఉన్నాయో చూసుకోవద్దా?

యౌవనస్థులారా, ఈ ఆదివారం మీ సంఘంలో చాలాకాలంగా రానివాళ్ల పేర్లు రాయండి. ఒక్కొక్కరి ఇంటికి వెళ్లండి. “మీకు ఏం కావాలి?” అని అడగండి, వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి. ఆ తర్వాతే ఫోను తెరవండి. మొదటి వారం పక్కన కూర్చుని వాళ్లతో కలిసి చేయండి.

మార్కు సువార్తలో నలుగురు మనుషులు తమ స్నేహితుణ్ణి మంచంతో సహా మోసుకొచ్చారు. గుంపు దారి ఇవ్వకపోతే ఇంటికప్పు విప్పి దించారు. ఆ అక్క ఇప్పుడు మళ్లీ తరగతికి వస్తోంది. మేము తప్పు చెప్పినప్పుడల్లా దిద్దుతోంది కూడా. గట్టున ఇంకా చాలామంది ఉన్నారు. మోయడానికి నలుగురు చాలు.

దేవుడు మనలను బలపరచును గాక. ఆమేన్.